తునక విని పాటను పోల్చుట



పాట వినని చెవి లేదు. విన్న పాటను సగం మరచిపోని మనిషీ లేడు. మరచిన సగాన్ని గుర్తున్న సగం సాయంతో తిరిగి పట్టి తెచ్చుకొనే విద్యను గురించి ఈ వ్యాసంలో నాలుగు మాటలు చెప్పదలచినాము. దీనిని కొందరు కేవలం కాలక్షేపమని తలుస్తారు. ఇది కాలక్షేపమే, కాదనము. అయితే ఇందులో భాషాజ్ఞానమూ ఛందోజ్ఞానమూ ఇమిడి ఉన్నవి. మన అనంతపురం వంటి కరవు సీమలో దీనికి మరొక ప్రయోజనం కూడా గలదు. అది వ్యాసం చివరికి తేటపడగలదు.

ఆట, దాని కట్టుబాటు

ఆట స్వరూపం మీరెరిగినదే. ఒకరు ఏదో ఒక ప్రసిద్ధ గీతం నుండి నాలుగైదు మాటలు చదువుతారు. ఎదుటివారు ఆ గీతమేదో, ఏ చిత్రంలోనిదో, వ్రాసిన కవి ఎవరో చెప్పాలి. కట్టుబాటు ఒక్కటే: మాటలను రాగం లేకుండా, వార్తలు చదివినట్లు చదవాలి.

ఈ చిన్న కట్టుబాటులోనే కష్టమంతా ఉన్నది. వరుసతో పాడితే పసిపిల్లలు సైతం పోల్చగల పాటను, వరుస తీసివేసి చదివితే పండితులు కూడా తడబడుతారు. కారణం స్పష్టమే. మన జ్ఞాపకంలో మాట ఒక అరలోనూ వరుస మరొక అరలోనూ ఉండవు. రెండూ పడుగుపేకల వలె కలిసి ఉంటవి. పేకను లాగివేస్తే పడుగు మాత్రమే చూచి అది ఏ బట్టయో చెప్పుట తేలిక కాదు. ఎవరినైనా ఒక పాటలోని రెండవ చరణంలో మూడవ పంక్తి చెప్పుమని అడిగి చూడండి. వారు వెంటనే పల్లవి అందుకొని, లోలోపల పాడుకొంటూ వచ్చి, ఆ పంక్తి దగ్గర ఆగి చెబుతారు. పాటకు నడుమ నుండి ద్వారం లేదు. తునకను విని పోల్చుట అంటే ఆ లేని ద్వారాన్ని తెరుచుకొనుటయే.

మన పెద్దలకు ఈ విద్య అబ్బిన విధం

నేడు కోరిన పాట కోరిన క్షణంలో వినవచ్చును. మన తాతల కాలంలో అట్లు కాదు. 1952లో ఆకాశవాణి చలనచిత్ర గీతాల ప్రసారాన్ని బాగా తగ్గించివేసినప్పుడు, శ్రోతలు రేడియో సిలోన్ వైపు మరలినారు. ఆ ఏటనే అక్కడ ప్రారంభమైన ‘బినాకా గీత్‌మాలా’ను అమీన్ సయానీ గొంతులో వినుటకు దేశమంతా వారం వారం ఎదురుచూచేది. 1957 అక్టోబరులో ఆకాశవాణి వారే ‘వివిధ భారతి’ని ప్రారంభించి శ్రోతలను తిరిగి తమ వైపునకు తెచ్చుకొన్నారు.

మన పీఠభూమి పల్లెల్లో ఆ షార్ట్‌వేవ్ ప్రసారం అలల వలె వచ్చిపోయేది. పల్లవి వినిపించి చరణం గరగరలో కలిసిపోయేది. ఒక్కొక్కసారి చివరి పంక్తి మాత్రమే దక్కేది. వినిపించని భాగాన్ని శ్రోతలే పూరించుకొనేవారు. టూరింగ్ టాకీసు వారు ఆట మొదలు కాకముందు గ్రామఫోను రికార్డులు వేసేవారు. గాలి వాలును బట్టి వేరుసెనగ చేలలో ఉన్నవారికి ఆ పాట తునకలు తునకలుగా చేరేది. ఆట చూడబోయినవారు అణా పెట్టి పాటల పుస్తకం కొని తెచ్చి, తమ ఊహ సరియో కాదో సరిచూచుకొనేవారు. రేడియో గరగర ప్రశ్నపత్రమైతే, ఆ పాటల పుస్తకం జవాబుపత్రమన్న మాట.

అంత్యాక్షరి, బైత్‌బాజీ

మన కళాశాలలో తెలుగు విద్యార్థులు అంత్యాక్షరి ఆడుతారు. ఉర్దూ విద్యార్థులు బైత్‌బాజీ ఆడుతారు. రెండింటి మూలసూత్రం ఒక్కటే: ఒక పక్షం వారు ముగించిన అక్షరంతో రెండవ పక్షం వారు ప్రారంభించాలి. అంత్యాక్షరిలో పల్లవి పాడితే చాలును. బైత్‌బాజీలో షేర్ పూర్తిగా, రెండు పంక్తులూ తప్పు లేకుండా చెప్పాలి. అందుచేత రెండవది కొంత కఠినమైనదని ఒప్పుకొనక తప్పదు.

రెండు భాషల స్వభావమూ ఈ ఆటలలో చక్కగా బయటపడుతుంది. ఉర్దూ షేర్లు తరచుగా ‘హై’, ‘హైఁ’, ‘నహీఁ’, ‘మేఁ’ వంటి మాటలతో ముగుస్తవి. అంటే లిపిలో ‘యే’ అక్షరమో ‘నూన్’ అక్షరమో చివర నిలుస్తుంది. కాబట్టి ఆరితేరినవారు ఆ రెండక్షరాలతో మొదలయ్యే షేర్లను ముందే కూడబెట్టుకొంటారు. తెలుగులో బహువచనం ‘లు’తో ముగియుట వలన లకారం పదే పదే ఎదురవుతుంది. లకారంతో మొదలయ్యే పాటలు తక్కువ. లాలి పాటలే తరచు ఆదుకొంటవి.

మరొక విచిత్రం గమనించండి. ఉర్దూలో నాలుక మడిచి పలికే ఒక అక్షరం, అనగా ‘పహాడ్’ అనే మాట చివర వినిపించే అక్షరం, ఏ మాటకూ మొదట రాదు. తెలుగులో ‘ళ’కార ‘ణ’కారాల గతి కూడా ఇంచుమించు అంతే. అందుకే ‘ళ’ వస్తే ‘ల’తోనూ, ‘ణ’ వస్తే ‘న’తోనూ సరిపెట్టుకొనుట మన వాడుక. పొరుగింటి ఆటను పరిశీలిస్తేనే మన ఆటలోని కిటుకు మనకు అర్థమగును.

అయితే ఈ రెండు ఆటలూ మొదళ్ళ జ్ఞాపకాన్ని పరీక్షిస్తవి. మనం చెప్పుకొనే ఆట నడుముల జ్ఞాపకాన్ని పరీక్షిస్తుంది. తేడా అదియే.

మాటకు గల బరువు

ఇక పాఠంలోకి వద్దాము. తునక ఎంత పొడవుగా ఉన్నదన్నది ముఖ్యం కాదు. అందులోని మాటలకు ఎంత బరువున్నదన్నదే ముఖ్యం.

‘మనసు’ అన్న మాటను తీసుకొనండి. ఆచార్య ఆత్రేయను జనం ‘మనసు కవి’ అన్నారు. ఆ మాట ఆయన పాటల్లో అంతగా వినిపిస్తుంది. కాబట్టి తునకలో ‘మనసు’ ఉంటే కవిని ఊహించుటకు కొంత ఆధారం దొరుకుతుంది గాని, పాటను పోల్చుటకు దొరకదు. ‘వెన్నెల’, ‘చెలి’, ‘ప్రేమ’, ఉర్దూలో ‘దిల్’, ‘ఇష్క్’, ‘రాత్’ వంటి మాటలూ అటువంటివే. వేల పాటల్లో ఉన్న మాట ఏ ఒక్క పాటకూ సాక్ష్యం చెప్పదు.

దీనికి ప్రతిగా పింగళి నాగేంద్రరావు గారిని చూడండి. 1957 నాటి ‘మాయాబజార్’ సంభాషణల్లో ఆయన వాడిన ‘గింబళి’ అన్న ఒక్క మాట వింటే చాలును, తెలుగువాడికి చిత్రమంతా కన్నులముందు నిలుస్తుంది. అటువంటి మాట మరొక చోట లేదు గనుక. ఆ చిత్రానికి దర్శకుడైన కె.వి.రెడ్డి గారు 1912లో మన తాడిపత్రిలో జన్మించినవారని ఈ సందర్భంలో గుర్తుచేయుట మాకు సంతోషం.

సూత్రమేమనగా: తునకలో అరుదైన మాటను ముందు వెదకండి. ఊరి పేరు, పనిముట్టు పేరు, వంటకం పేరు, పువ్వు పేరు, పాతబడిన మాట, ఏదైనా సరే. దానిని పట్టుకొంటే పాట దొరుకుతుంది. అందరూ వాడే మాటను పట్టుకొంటే గుంపు మాత్రమే దొరుకుతుంది.

పద్యం చేసే సాయం

ఒక మాట జారిపోయినప్పుడు ఛందస్సు దానిని తిరిగి పిలుస్తుంది. వేమన పద్యమే ఇందుకు చక్కని ఉదాహరణ. వేమన సమాధి మన కదిరి ప్రాంతంలోని కటారుపల్లెలో ఉన్నదని ప్రసిద్ధి. 2022లో జిల్లాల విభజన జరిగిన పిదప ఆ ఊరు శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినది.

వేమన పద్యాల్లో అధికభాగం ఆటవెలదులు. బేసి పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. సరి పాదాల్లో ఐదు సూర్యగణాలు. నాలుగవ గణం మొదటి అక్షరానికి పాదం మొదటి అక్షరంతో యతిమైత్రి ఉండాలి, లేదా ప్రాసయతి అయినా కుదరాలి. కాబట్టి సరిగ్గా ఆ చోటి మాట మరచిపోయినవాడు పాదం మొదటి అక్షరం చూచి, మరచిన మాట ఏ అక్షరంతో మొదలు కావలెనో చెప్పగలడు. గణం కొలత చూచి ఆ మాట ఎంత పొడవో కూడా చెప్పగలడు. ఇక మిగిలేది అర్థం ఒక్కటే.

ఇక్కడొక హెచ్చరిక. వేమన పద్యాల నాలుగవ పాదం మకుటం. అది అన్నిటా ఒక్కటే గనుక, తునకగా దానిని చదివితే కవి ఎవరో తెలియును గాని పద్యం ఏదో తెలియదు. అంటే ఆ పాదానికి మన ఆటలో బరువు సున్న. గజల్ చివరి షేర్‌లో కవి తన పేరు చేర్చే సంప్రదాయం గలదు. ‘గాలిబ్’ అన్న పేరు వినిపిస్తే కవి దొరికినట్లే, గజల్ మాత్రం దొరకదు. క్షేత్రయ్య పదాల్లో ‘మువ్వగోపాల’ ముద్ర కూడా అంతే. ముద్ర ఇంటిపేరు వంటిది. దానితో ఇల్లు తెలియును, మనిషి తెలియడు.

గజల్‌కు మరొక సౌకర్యం గలదు. ప్రతి షేర్ రెండవ పంక్తి చివర ‘రదీఫ్’ అనే మాట మారకుండా వస్తుంది. దాని ముందర ‘ఖాఫియా’ అనే ప్రాసపదం మారుతూ వస్తుంది. మొదటి షేర్ అయిన ‘మత్లా’లో రెండు పంక్తులూ ఇదే కట్టుబాటును పాటిస్తవి. కాబట్టి నడుమనున్న ఏ షేర్ రెండవ పంక్తి విన్నా మత్లా ఎట్లు ముగియునో ఊహించవచ్చును. తెలుగు సినీగీతంలోనూ చరణం చివరి పంక్తి తరచుగా పల్లవి అంత్యప్రాసతో కలుస్తుంది, తిరిగి పల్లవి ఎత్తుకొనుటకు వీలుగా. చరణపు తోక చేతికి దొరికితే పల్లవి తల కనిపించునని మా అనుభవం.

ఈ రెండు సంప్రదాయాలు పరస్పరం పరాయివి కావు. దాశరథి కృష్ణమాచార్యులు గాలిబ్ కవిత్వాన్ని ‘గాలిబ్ గీతాలు’గా 1961లో తెలుగు చేసినారు. ఉర్దూ మాధ్యమంలో చదువుకొన్న సి.నారాయణరెడ్డి గారు 1962లో ‘గులేబకావళి కథ’తో సినీకవి అయి, తరువాత తెలుగులో గజళ్ళు వ్రాసి పాడినారు. వారి గీతాల్లోని తూగు ఎక్కడిదో మన ఉర్దూ విద్యార్థులు తెలుగు విద్యార్థుల కంటే ముందు పోల్చగలరు.

సినీగీతానికి మాత్రం ముద్ర లేదు. అందుచేతనే జనం దానిని ‘ఘంటసాల పాట’ అనో, ‘రామారావు పాట’ అనో అంటారు. వ్రాసినవాని పేరు జారిపోతుంది. మా పోటీలో కవి పేరు చెప్పినవారికి రెట్టింపు గుణాలు పెట్టుటకు కారణమిదే.

మాట మిగిలి వరుస పోయిన కథ

వరుస తీసివేసి చదువుట ఆటలో మనం పెట్టుకొన్న కట్టుబాటు. చరిత్రలో అది నిజంగానే జరిగినది. తాళ్ళపాక అన్నమాచార్యుల సంకీర్తనలు తిరుమలలో రాగిరేకుల మీద దొరికినవి. రేకుల మీద సాహిత్యమున్నది, రాగం పేరున్నది, స్వరం మాత్రం లేదు. వేల పాటలు మాటలుగా మాత్రమే మిగిలినవి. వాటిని పరిష్కరించి, అనేక కీర్తనలకు స్వరరచన చేసిన మహనీయుల్లో రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ గారు (1893–1979) ముఖ్యులు. వారు మన జిల్లాలోని రాళ్ళపల్లి గ్రామంలో పుట్టినవారే. వేమనపై వారి ఉపన్యాసాలు నేటికీ ప్రామాణికాలు. వారు కట్టిన వరుస అన్నమయ్య పాడిన వరుసయే అని ఎవరూ అనజాలరు. అయినను, పాట మరల నోటికి వచ్చినది. నోటికి రాని పాట రేకు మీద ఉండియు లేనట్లే.

మా చేతికి వచ్చిన ఒక తునక

కొన్నేళ్ళ క్రితం మొహర్రం దినాల్లో మేము కొందరు విద్యార్థులతో కలిసి నార్పల ప్రాంతానికి వెళ్ళినాము. గూగూడు కుళ్ళాయప్ప స్వామి ఉత్సవానికి హిందువులు, ముస్లిములు వేలాదిగా తరలివచ్చే సంగతి జిల్లాలో తెలియనివారు లేరు. అక్కడికి సమీపంలోని ఒక పల్లెలో, దూదేకుల కుటుంబానికి చెందిన ఒక వృద్ధురాలు మాకు తెలుగులో రెండు పంక్తులు వినిపించినది. పాట పేరేమిటని అడిగినాము.

“సారూ, మొదలు నాకు రాదు. మా అమ్మ పాడుతుంటే నడుమ వింటిని. మొదలు ఆమెతోనే పాయె” అన్నది.

పంక్తుల్లో హసన్, హుస్సేన్ పేర్లున్నవి. కాబట్టి అది పీర్ల పాట అని మేము నిర్ణయించుకొన్నాము. మూడు ఊళ్ళలో పీర్ల పాటలు పాడేవారిని అడిగినాము. ఎవరూ పోల్చలేకపోయినారు. తప్పు మాదే. విద్యార్థులకు మేము చెప్పే సూత్రాన్ని మేమే మరచినాము. ఆ పేర్లు పీర్ల పాటలన్నిటా ఉండేవే, వాటికి బరువు లేదు. మాతో వచ్చిన ఒక ఉర్దూ విద్యార్థిని వ్రాసుకొన్న కాగితం తిరిగి చదివి, “ఇందులో గిలక అన్న మాట ఎందుకున్నది?” అని అడిగినది. పీర్ల చావడిలో గిలకకు పనేమున్నది? గిలక ఉండేది బావి దగ్గర.

అప్పుడు మేము పీర్ల పాటలు పాడేవారిని విడిచి, ఒకప్పుడు కపిల తోలిన ముసలివారిని వెదకినాము. నేటి విద్యార్థులకు కపిల అంటే తెలియకపోవచ్చును. ఎడ్లజత వాలుదారిలో క్రిందికి నడిస్తే, మోకు గిలక మీదుగా సాగి, తోలుసంచి బావిలోని నీటిని పైకి తెచ్చి కాలువలో పోసేది. ఎడ్లు వెనుకకు వస్తే సంచి మరల బావిలోకి దిగేది. తెల్లవారుజాము నుండి ఈ రాకపోకలు సాగుతూ ఉంటే, తోలేవాడు పాడుకొనేవాడు. అవే కపిల పాటలు.

ఒక తాత తునక వినగానే నవ్వినాడు. “ఇది పీర్ల పాట కాదు సార్, కపిల పాట. పేరు పీర్లది, పని ఎద్దులది” అన్నాడు. ఆయన హిందువు. పాట నేర్పినవాడు తన పొలం పక్కనున్న సాయిబు అని చెప్పినాడు. మంచం మీద కూర్చుండి నాలుగు పంక్తులు పాడి ఆగిపోయినాడు. ఎంత ప్రయత్నించినా ముందుకు సాగలేదు. పిదప లేచి, చేతిలో మోకు ఉన్నట్లు పట్టుకొని, వాకిట్లో ముందుకు పది అడుగులు, వెనుకకు పది అడుగులు వేయసాగినాడు. నడక కుదిరిన తరువాత మరి ఆరు పంక్తులు వచ్చినవి. ఆ పాట ఆయన తలలో కంటే కాళ్ళలో ఎక్కువగా నిలిచి ఉన్నదని మాకు అప్పుడు తోచినది.

పల్లవి మాత్రం ఆయనకూ రాలేదు. నేటికీ మాకు దొరకలేదు.

ఎందుకు దొరకలేదో ఆలోచించండి. మన సీమలో ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురుస్తుంది. విద్యుత్తు మోటార్లు వచ్చి కపిల మూలబడినది. బోర్లు లోతుకు పోయేకొద్దీ పాతబావులు ఎండినవి. కరవుకు పల్లెజనం బెంగుళూరుకు వలసపోయినారు. బావి పోయినచోట గిలక పోయినది, గిలక పోయినచోట పాటకు పని పోయినది. పాట పాడేవారు తలా ఒక తునకతో తలా ఒక దిక్కుకు పోయినారు. ఒకరి దగ్గర నడుము, ఒకరి దగ్గర చివర. మొదలు ఎవరి దగ్గర ఉన్నదో!

నేటి చేతిఫోను పది సెకండ్ల పాట విని దాని పేరు చెప్పగలదు. అది మెచ్చుకొనదగినదే. అయితే ఎవరో ఎప్పుడో రికార్డు చేసి పొందుపరచిన పాటనే అది పోల్చగలదు. వాకిట్లో నడుస్తూ ఆ తాత పాడిన పాట దానికి తెలియదు. దానిని పోల్చవలసినది మనమే, మన పెద్దలు ఉండగానే.

విద్యార్థులకు సూచనలు

ఇంటిలో పెద్దలు ఏ పాట తునక పాడినా వెంటనే వ్రాసుకొనండి. మాటను సరిదిద్దకండి. వారు పలికినట్లే వ్రాయండి. తప్పని మీకు తోచిన మాటయే అసలు ఆధారం కావచ్చును. ఎవరు పాడినారో, ఎవరి దగ్గర నేర్చినారో, ఏ పని చేస్తూ పాడేవారో ప్రక్కన వ్రాయండి. వీలైతే ఆ పని చేయిస్తూ పాడించండి. తెలుగు పాట అయినా ఉర్దూ తెలిసిన మిత్రునికి చూపండి, ఉర్దూ పాట అయినా తెలుగు తెలిసినవారికి చూపండి. మా గిలకను పట్టించినది ఉర్దూ విద్యార్థిని అన్న సంగతి మరువకండి.

అభ్యాసానికి ప్రశ్నలు

1. పాట నిండా తినుబండారాల పేర్లు. పాడినవారు మాధవపెద్ది సత్యం. తెరమీద ఎస్.వి.రంగారావు. చిత్రమేది?

2. రచన షకీల్ బదాయూనీ, సంగీతం నౌషాద్, గానం లతా మంగేష్కర్. నర్తకి అద్దాల మహలులో చక్రవర్తి ఎదుట జంకు లేకుండా పాడుతుంది. చిత్రమేది?

3. రాయల కాలపు కథ. గీతాలు దేవులపల్లి కృష్ణశాస్త్రి, దర్శకుడు బి.ఎన్.రెడ్డి. చిత్రమేది?

4. తాడిపత్రిలో పుట్టిన దర్శకుడు, కటారుపల్లెతో ముడిపడిన కవి కథను చిత్తూరు నాగయ్యతో తీసినారు. చిత్రమేది?

జవాబులు: 1. మాయాబజార్ (1957). 2. మొఘల్-ఎ-ఆజం (1960). 3. మల్లీశ్వరి (1951). 4. యోగివేమన (1947).

ఐదవ ప్రశ్నకు జవాబు మా దగ్గర లేదు. గిలక మోత, అడుగంటిన బావి, హసన్ హుస్సేనుల పేర్లు గల ఒక కపిల పాట పల్లవి ఏది? మీ అవ్వనో తాతనో, నానీనో దాదానో అడిగి చూడండి. దొరికినచో, వచ్చే ఏటి సంచికలో ఆ పాటను మొదటి నుండి చివరి వరకు అచ్చు వేయుటకు మేము సిద్ధముగా ఉన్నాము.